నా ఓటు హెండ్రీకే

బల్లార్షా

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

ఆదివారం నువ్వూ మీ బాబాయీ ఫోనులో వాదించుకుంటుంటే నాకు సందు దొరకలేదు. దొరికేసరికి మీ అమ్మ ఫోను లాక్కుని నీ భోజనం సంగతులు మొదలుపెట్టింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. స్నూకర్‌లో అందరినీ మించినవాడు రోనీ ఓ సులివాన్ అన్నావు. దానికి నువ్వు చూపిన సాక్ష్యం 1997లో షెఫీల్డ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అతను 5 నిమిషాల 8 సెకన్లలో కొట్టిన 147, అంటే ఒకే విడతలో మామూలుగా రాగల అత్యధిక స్కోరు. తీర్పుతో నా పేచీ చిన్నదే, నా ఓటు స్కాట్లండ్ ఆటగాడు స్టీఫెన్ హెండ్రీకి. పెద్ద పేచీ సాక్ష్యంతోనే.

పదిహేను ఎర్ర బంతులు (రెడ్లు), ప్రతి రెడ్ వెనకా నల్ల బంతి (బ్లాక్), ఆఖరున ఆరు రంగుల బంతులు. అంతటినీ ఆ వేగంతో పాకెట్లలోకి దింపుతుంటే నేనూ నోరు తెరుచుకునే చూశాను. కానీ ఆ ఏడు అతను రెండో రౌండ్‌లోనే ఇంటిదారి పట్టాడు. కప్పు కెన్ డోహెర్టీకి పోయింది. ఆ ఐదు నిమిషాలు చూసి రోనీకి కిరీటం పెడితే, మిగతా ముప్పై ఏళ్ల శ్రమను నువ్వే తక్కువ చేసినట్టు.

పాతకాలపు జో డేవిసే గొప్ప అన్న మీ బాబాయి మాట కూడా తేల్చేద్దాం. జో డేవిస్ 1927 నుంచి 1946 దాకా ఓడకుండా 15 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మాట నిజమే. 1955లో అధికారికంగా గుర్తింపు పొందిన మొదటి 147 కూడా ఆయనదే. అయితే 1931లో పోటీకి వచ్చింది మొత్తం ఇద్దరు. ఇంకొకాయన్ని ఓడిస్తే ప్రపంచం గెలిచినట్టే! ఆటను నిలబెట్టిన పెద్దమనిషిగా ఆయనకు దండం పెడతాను, పోలికలోకి మాత్రం లాగను. బాబాయి మళ్లీ 15 అంటే నువ్వు 1931 అను, చాలు.

నేను హెండ్రీ అనడానికి కారణం టీవీలో దొరికింది కాదు, మా గని ఆఫీసర్ల క్లబ్బులో దొరికింది. ఆ టేబుల్ మీద వేలాడే లైట్లు ఎలక్ట్రీషియన్‌గా నా పూచీ. బల్బు మార్చడానికి వెళ్లి గంటల తరబడి అక్కడే ఉండిపోయేవాణ్ని. టేబుల్ చూసుకునే మార్కర్ సాయంత్రం ఆట మొదలవకముందే బట్టను బ్రష్షుతో దువ్వేవాడు. ఎప్పుడూ ఆట మొదలుపెట్టే చోట డి ఆకారం గీసిన వైపు నుంచి బ్లాక్ పెట్టే చివరకే. అడ్డంగా చెయ్యి వేస్తే ఊరుకునేవాడు కాదు. తర్వాత ఇస్త్రీ. ఆ పచ్చటి బట్టకు నూగు ఉంటుంది, మెల్లగా వదిలిన బంతి దాని మీద తిన్నగా పోదు, కొసలో పక్కకు ఒరుగుతుంది. పన్నెండు అడుగుల టేబుల్ మీద అటు చివరి పాకెట్ ఇక్కడి నుంచి గుడ్డి కన్నులా కనిపిస్తుంది. ఆఫీసర్లు లేని ఒక మధ్యాహ్నం మార్కర్ నాకు ఆడే కర్ర (క్యూ) ఇచ్చి, నీలి బంతి (బ్లూ) దింపుతూ, కర్రతో కొట్టే తెల్ల బంతిని రెడ్ల గుంపులోకి పంపమన్నాడు. బ్లూ పాకెట్ అంచుకు తగిలి బయటికొచ్చింది. తెల్ల బంతి గుంపును బద్దలు కొట్టి రెడ్లన్నీ టేబులంతా పరిచింది. మార్కర్ నవ్వి, ఇప్పుడు ఎదుటివాడికి పండగ అన్నాడు.

హెండ్రీ అలవాటుగా ఆడిన దెబ్బ అదే. అంతకుముందు పెద్ద ఆటగాళ్లు చాలామంది రెడ్లను ఒకటీ రెండూ దింపి, జారుకుని, తెల్ల బంతిని వెనక్కి దాచి, ఎదుటివాడి పొరపాటు కోసం కాచుకునేవారు. హెండ్రీ దూరపు రెడ్ దింపి, బ్లూ నుంచి గుంపును పగలగొట్టి, ఒక్క విడతలో ఫ్రేమ్ (మ్యాచ్‌లో ఒక్కో ఆట) ముగించేవాడు. తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు కనుక చెబుతున్నాను, ప్రతి ఫ్రేమ్‌లోనూ ఆ జూదం ఆడటానికి ఎంత గుండె కావాలో చూడు. ఇవాళ నువ్వు చూస్తున్న కుర్రాళ్లంతా ఆడేది ఆయన ఆటే. మీ రోనీ కూడా.

ఇరవై ఒక్క ఏళ్లకు 1990లో ప్రపంచ ఛాంపియన్, అంత చిన్న వయసులో మరెవరూ కాలేదు. 1992 నుంచి వరసగా అయిదు, 1999లో ఏడోది. 1992 ఫైనల్లో జిమ్మీ వైట్ 14-8 ఆధిక్యంలో ఉన్నాడు. ఎవరికైనా కాళ్లు చల్లబడే చోటు. హెండ్రీ వరసగా పది ఫ్రేములు గెలిచి 18-14తో ముగించాడు. 1994లో పోటీల మధ్యలో మోచెయ్యి ఎముక చిట్లినా ఆడాడు. ఫైనల్ ఆఖరి ఫ్రేమ్‌లో జిమ్మీ ఒక బ్లాక్ తప్పాడు, ఈయన లేచి టేబుల్ ఊడ్చేశాడు. పాపం జిమ్మీ, ఆరు ఫైనళ్లు ఆడి ఒక్కటీ గెలవలేదు. అందులో నాలుగు హెండ్రీ పుణ్యమే.

స్టీవ్ డేవిస్‌వి (జో వేరు, ఈయన వేరు) ఆరు ప్రపంచ టైటిళ్లు. క్రమశిక్షణకు ఆయన తర్వాతే ఎవరైనా. కానీ ఆయన కాలాన్ని హెండ్రీయే ముగించాడు కనుక ఆ వాదన అక్కడికి సరి.

ఇక రోనీ. నీ తరఫున వాదించాల్సిన పద్ధతి నేనే చెబుతాను. రే రియర్డన్ పేరు విన్నావా? వేల్స్‌లో పుట్టిన బొగ్గు గని కార్మికుడు, మావాడన్నమాట. గనిలో పైకప్పు కూలి మూడు గంటలు మట్టి కింద ఉండి బతికి బయటపడ్డాడు, పోలీసు అయ్యాడు, ఆ తర్వాత 1970 నుంచి 1978 లోపు ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. (గనిలో మూడు గంటలు అంటే ఏమిటో మీ బాబాయిని అడగకు, నన్ను అడుగు.) 2004లో రోనీ వెళ్లి చేరింది ఆయన దగ్గరికే. కొట్టడం రోనీకి ఎవరూ నేర్పక్కర్లేదు, కొట్టకుండా ఆగడం ఆ ముసలాయన నేర్పాడు. ఆ ఏడు సెమీఫైనల్లో హెండ్రీని 17-4తో చితక్కొట్టి కప్పు తెచ్చుకున్నాడు. నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

2013లో ఏడాది పాటు ఆట దాదాపు మానేసి, తిరిగొచ్చి ప్రపంచ ఛాంపియన్. 2022లో జడ్ ట్రంప్ మీద 18-13తో ఏడోది, నలభై ఆరేళ్ల వయసులో. అంతకుముందు అందరికంటే పెద్ద వయసులో గెలిచింది నలభై అయిదేళ్ల రియర్డనే, గురువు రికార్డు శిష్యుడే దాటాడు. మన చంద్రపూర్ ఎండలకు రాత్రి పదకొండున్నరకు కూడా కూలర్ వేడిగాలే విసురుతుంటే కూర్చుని చూశాను ఆ ఫైనల్. మొదటి ప్రపంచ టైటిల్‌కూ ఏడో దానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్లు. హెండ్రీకి ఇది లేదు, ముప్పై ఏళ్లకు ఏడోది గెలిచాక ఆయనకు మళ్లీ ఆ కప్పు దక్కలేదు. నీ వాదనకు బలం ఇక్కడుంది, ఐదు నిమిషాల వీడియోలో కాదు.

అయినా నా ఓటు హెండ్రీకే. 2006లో యార్క్‌లో ఈ ఇద్దరికీ ఆట పడింది. పదిహేడు ఫ్రేముల మ్యాచ్‌లో 4-1తో వెనకబడిన మీ రోనీ, ఆరో ఫ్రేమ్ మధ్యలో హెండ్రీకి చెయ్యి కలిపి బయటికి నడిచాడు. ఇంకా పదకొండు ఫ్రేములకు అవకాశం ఉంది. 14-8 దగ్గర హెండ్రీ చేసిందేమిటో పైన రాశాను. దీనికి నువ్వు జవాబు రాయాలి. ఫోనులో కాదు, ఉత్తరంలోనే. ఫోనులో అయితే మీ అమ్మ పడనివ్వదు.

మీ నాన్న