పాతిపెట్టే ముందు ఆ డాల్ఫిన్ కొవ్వు కాస్త తీసి దాచండి

సంపాదక మహాశయా,

చచ్చిన డాల్ఫినో, తిమింగలమో ఒడ్డుకు కొట్టుకొస్తే జిల్లా పేజీలో ఒక ఫొటో, నాలుగు ముక్కల వార్త వస్తుంది. జేసీబీతో గుంట తీసి పూడ్చేశారన్న మాటతో ఆ వార్త ముగుస్తుంది. బంగాళాఖాతంలో చేరిన విషాల లెక్క కూడా ఆ గుంటలోనే పూడిపోతోందని చెప్పడానికే ఈ లేఖ.

డీడీటీ అనే పురుగుమందూ, పాత ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్ల నూనెలో ఉండే పీసీబీలనే రసాయనాలూ నీళ్లలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. నాచు నుంచి చిన్న చేపకు, దాన్నుంచి పెద్ద చేపకు, చివరికి డాల్ఫిన్‌కు చేరేసరికి చిక్కబడతాయి. డాల్ఫిన్ తోలు కింద ఉండే మందమైన కొవ్వు పొర వీటికి ఖజానా. ఆడదైతే ఆ ఖజానాలో చాలా భాగాన్ని పాలతో బిడ్డకు దించేస్తుంది. అందులోనూ తొలిచూలు బిడ్డకే ఎక్కువ వాటా. కాబట్టి ఆడో మగో, వయసెంతో రాసుకోకపోతే ఆ జంతువు కొవ్వులో వచ్చిన అంకె దేనికీ పనికిరాదు.

జపాన్‌లోని ఎహిమె విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త షిన్సుకె తనబె ఉద్యోగ జీవితమంతా ఇలాంటి నమూనాల మీదే సాగింది. ఆయన, మన దక్షిణాది శాస్త్రవేత్తలు కలిసి ఈ తీరపు డాల్ఫిన్లను పరీక్షించి 1993లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది డీడీటీయే. ఆ విశ్వవిద్యాలయంలో 1960ల నుంచి సేకరించిన నమూనాలను గడ్డకట్టించి దాచిన బ్యాంకు ఉంది. ఒక కొత్త రసాయనం మీద అనుమానం వస్తే ముప్పై ఏళ్ల కిందటి కొవ్వు బయటికి తీసి చూస్తారు. మన దగ్గర అలా తీసి చూడటానికి ఏముంది?

సముద్రానికీ మనకూ దూరమనుకోవద్దు. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి తిరుపతి, శ్రీకాళహస్తి పక్కగా పారే స్వర్ణముఖి కలిసేది బంగాళాఖాతంలోనే. సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి పులికాట్‌లో కలుస్తుంది. మన కాలువల్లో పారబోసిన నూనె, మందు డబ్బాలు కడిగిన నీళ్లు పోయే దారి అదే.

ఇక చేయాల్సిన పని. ముందుగా చేతికి గ్లవుజులు, ముఖానికి మాస్కు. డాల్ఫిన్ల నుంచి బ్రూసెల్లా అనే బాక్టీరియా మనిషికి సోకవచ్చు. పై దవడ కొన నుంచి తోక మధ్య గాడి వరకు టేపును తిన్నగా పట్టి కొలవాలి, ఒంటి వంపు వెంబడి కాదు. జననరంధ్రానికి రెండు పక్కలా చిన్న చీలికలు (చనుమొనలవి) ఉంటే ఆడది. ఒంటిమీద వల తాళ్ల గీతలుంటే ఫొటో తీయాలి. వీపు రెక్క వెనక పక్కభాగంలో చర్మం నుంచి కండ దాకా నిలువుగా కోసి కొవ్వు పూర్తి మందం తీయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. చేతికందిన పైపొర మాత్రమే గీరి తెస్తారు. పైపొరలో, లోపొరలో విషాల మోతాదు ఒకేలా ఉండదు. పది గ్రాములుంటే పరీక్షకు పోను దాచుకోవడానికీ మిగులుతుంది.

ఆ ముక్కను ప్లాస్టిక్ కవరులో వేయకూడదు, కవరులోని థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరిచే రసాయనాలు) కొవ్వులోకి దిగుతాయి. అసిటోన్‌తో కడిగి ఆరబెట్టిన అల్యూమినియం రేకులో చుట్టాలి. పాదరసం కోసం తీసే కాలేయం, కాడ్మియం కోసం తీసే మూత్రపిండం మాత్రం రేకులో వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలోనే వేయాలి. చీటీ పెన్సిల్‌తో రాయాలి, పెన్నుతో రాస్తే ఐసు నీళ్లకు అలుక్కుపోతుంది. ఫార్మలిన్‌లో వేసేది కణజాల పరీక్షకు పంపే ముక్కలు మాత్రమే: సెంటీమీటరుకు మించని మందం, ముక్కకు పదింతల ద్రావణం. రసాయన పరీక్షకు పోయే ముక్కకు ఫార్మలిన్ తగలకూడదు. వయసు తేల్చడానికి కింది దవడ మధ్య నుంచి రెండు పళ్లు. ఐసు పెట్టెలో తెచ్చి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి.

కళేబరం ఉబ్బి తోలు ఊడుతుంటే కొవ్వు నూనెలా కారిపోయి ఉంటుంది, ఆ అంకెను నమ్మలేం. బక్కచిక్కి చచ్చినదైతే కొవ్వు కరిగి మిగిలిన దానిలో విషం చిక్కబడి అంకె పెరుగుతుంది. అందుకే ఫలితాన్ని కొవ్వు బరువు లెక్కన చెప్పాలి, శరీర స్థితి పక్కన రాయాలి. కిలో కొవ్వుకు 17 మిల్లీగ్రాముల పీసీబీ దాటితే ఆరోగ్యం దెబ్బతినడం మొదలవుతుందన్నది ఎక్కువగా వాడే గీటు. 2016లో స్కాట్లాండులోని టైరీ దీవిలో ఒడ్డుకు చేరిన లులు అనే ఓర్కాలో (డాల్ఫిన్ల కుటుంబంలో అతి పెద్దది) 957 మిల్లీగ్రాములు ఉంది. అది ఒక్క బిడ్డనూ కనలేదు. అయినా చావుకు కారణం వల తాళ్లలో చిక్కుకోవడమే. అంకె పెద్దది కాగానే 'విషంతో చచ్చింది' అని శీర్షిక పెట్టవద్దని విలేకరులకు మా విన్నపం.

మన దేశంలో 1989లో సాగులో డీడీటీ వాడకం ఆపారు, దోమల నివారణకు అనుమతించారు. కొవ్వులోని మొత్తం డీడీటీలో విరిగిన రూపమైన డీడీఈ 0.6 వంతుకు మించితే అది పాతది, తక్కువైతే కొత్తగా చేరుతోందని అంచనా వేస్తారు. ఈ ఒక్క నిష్పత్తి మన తీరానికి తెలిస్తే ఎంత మేలో!

ఈ రంగానికి రావాలనుకునే పిల్లలు జంతుశాస్త్రం ఒక్కటే చదివితే చాలదు. పనిలో పెద్ద భాగం ప్రయోగశాలలోనే. కొవ్వు నుంచి రసాయనాన్ని వేరుచేయడం, రసాయనాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రాఫు యంత్రం నడపడం, ప్రతి విడతలో కొవ్వు లేని ఖాళీ నమూనా కూడా పెట్టి గాజుసామానులోంచి వచ్చిన మురికి ఎంతో తేల్చుకోవడం రావాలి. రసాయన శాస్త్రం, గణాంకాలు వదలొద్దు. పశువైద్యం చదివినవాళ్లూ ఇటు రావచ్చు.

తిరుపతిలో పశువైద్య కళాశాల ఉంది, విశ్వవిద్యాలయాల్లో ప్రయోగశాలలున్నాయి. అడ్డు వచ్చేది అనుమతి. డాల్ఫిన్లు, తిమింగలాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చినదాని పన్ను ముట్టుకోవాలన్నా అనుమతి కావాలి. కళేబరం దొరికాక దరఖాస్తు పెడితే కాగితం వచ్చేలోపు అది కుళ్లిపోతుంది. అటవీ శాఖ ఒక పశువైద్య బృందానికి ముందుగానే ఏడాది అనుమతి ఇవ్వాలి. సూళ్లూరుపేటలో ఒక నమూనాల పెట్టె, కరెంటు పోయినా ఆగని ఫ్రీజరు ఉంచాలి. గుంట తవ్వే జేసీబీకి ఫోన్ చేసే ముందు ఆ బృందానికి ఫోన్ చేయాలని తీర మండలాల తహసీల్దార్లకు ఉత్తర్వు ఇవ్వాలి.

ఇట్లు,
జంతుశాస్త్ర, రసాయన శాస్త్ర అధ్యాపకులు,
తిరుపతి