పద్దులకు చేయెత్తిన వారే లెక్క చెప్పాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ఖజానా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వాణ్ణి. బడ్జెట్ వచ్చిన మర్నాడు మీ పత్రికలో ఏ శాఖకు ఎంత అన్నది రంగుల బొమ్మలతో వేస్తారు. నేను అక్షరం వదలకుండా చదువుతాను. ఆ డబ్బు నిజంగా అలాగే ఖర్చయిందా అన్న సంగతి మాత్రం రెండేళ్ల తర్వాత, ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ నివేదికలో బయటపడుతుంది. అది లోపలి పేజీలో చిన్న వార్త అవుతుంది. ఆ రెండింటి మధ్య మన శాసనసభ్యులు ఏం చేస్తున్నారన్నది ఎవరూ అడగడం లేదని నా బాధ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నేర్పిన మొదటి పాఠం ఇది: శాసనసభ కేటాయించనిదే ప్రభుత్వ ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా బయటికి పోకూడదు. రాజ్యాంగం 266వ అధికరణంలో ఉన్న మాటే అది. బిల్లు చేతికి రాగానే ముందు పద్దు, అంటే అది ఏ ఖర్చు కింద సభ కేటాయించిన డబ్బో, చూడాలి, తర్వాత ఆ పద్దు కింద నిల్వ ఎంత ఉందో రిజిస్టరులో చూడాలి. నిల్వ లేకపోతే ఎర్ర సిరాతో ‘కేటాయింపు లేదు’ అని రాసి తిప్పి పంపాలి. ఎంతటి అధికారి సంతకమున్నా సరే. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మార్చి 31 రాత్రి మా ఉప ఖజానాలో బల్లల మీద బిల్లులు మోకాలెత్తు పేరుకునేవి. గడియారం పన్నెండు కొట్టేదాకా ఒక్కొక్కటీ చూసి, కొన్ని పాస్ చేసి, కొన్ని తిప్పికొట్టి, తెల్లారగట్ల ఇంటికి వెళ్లేవాళ్లం.

ఒక కుటుంబ పింఛను కాగితాన్ని నేనే మూడుసార్లు తిప్పి పంపాను. భర్త పోయిన పెద్దావిడ. ఒక కాగితంలో ఇంటిపేరుకు దీర్ఘం ఉంది, ఇంకో దాంట్లో లేదు. మూడోసారి ఎండలో పడి వచ్చి, మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి కాగితాలన్నీ తీసి నేల మీద పరిచి ‘ఇందులో ఏది సరైందో నువ్వే చూసి చెప్పు నాయనా’ అంది. నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదు. అయినా ఆ ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది. ఒక దీర్ఘం కోసం ఆమెను మూడుసార్లు తిప్పించిన ప్రభుత్వానికి, వేల కోట్ల దగ్గర అదే పట్టింపు ఉండి తీరాలి.

ఉందా? 2021 జులైలో, ప్రభుత్వ ఖర్చుల లెక్కలను పరిశీలించే శాసనసభ్యుల సంఘమైన ప్రజాపద్దుల కమిటీకి అప్పటి చైర్మన్ పయ్యావుల కేశవ్ గవర్నరును కలిసి, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు రూ. 41,000 కోట్ల చెల్లింపులకు సరైన లెక్కలు లేవని ఫిర్యాదు చేశారు. అవకతవకలేమీ లేవని అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ ఖండించారు. ఇద్దరిలో ఎవరిది సరైన మాట అన్నది ఇక్కడ తేల్చలేను. 2024 జూన్ నుంచి కేశవ్ గారే ఆర్థిక మంత్రి. ఆనాడు ప్రశ్న అడిగిన వారి చేతికే ఇప్పుడు పుస్తకాలన్నీ వచ్చాయి. ఆ మొత్తం ఏ పద్దులోంచి ఏ పద్దుకు వెళ్లిందో, చివరికి ఎవరికి చేరిందో మామూలు మనిషికి అర్థమయ్యే భాషలో సభ ముందు ఉంచాల్సిన బాధ్యత ఆయనదే. ఆరోపణ నిజమైతే బాధ్యులెవరో తెలియాలి, కాకపోతే ఆ సంగతైనా తెలియాలి.

మరో జబ్బు వ్యక్తిగత డిపాజిట్ ఖాతాలు. పీడీ ఖాతాలంటే మా శాఖలో అందరికీ తెలుసు. ఏడాది ముగిసేలోగా ఖర్చు చేయలేని డబ్బును ఆ ఖాతాల్లోకి మళ్లిస్తే, పుస్తకంలో అది ఖర్చయినట్టే కనిపిస్తుంది. నిజానికి ఒక్క గోడ కూడా లేచి ఉండదు. కాగ్ ఈ విషయం మీద హెచ్చరిస్తూనే ఉంది. కేటాయింపుకు మించి ఖర్చు పెట్టిన మొత్తాలను రాజ్యాంగం 205వ అధికరణం ప్రకారం మళ్లీ సభ ముందుకు తెచ్చి ఆమోదం పొందాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇది ఏళ్ల తరబడి పెండింగులో పడి ఉంటోందని కూడా కాగ్ రాసింది. అదంతా సాంకేతిక వ్యవహారమని కొట్టిపారేసేవారికి దాణా కుంభకోణం గుర్తు చేస్తాను. బిహార్‌లో పశుసంవర్ధక శాఖ ఏటా కేటాయింపును మించి ఖజానాల నుంచి డబ్బు తీసింది. కాగ్ నివేదికలు ఆ సంగతి చెబుతూనే వచ్చాయి. 1996 జనవరిలో చైబాసా ఖజానా మీద సోదా జరిగేదాకా సభకు పట్టలేదు. ఆ ఒక్క ఖజానాకు సంబంధించి రూ. 37.7 కోట్ల కేసులో శిక్ష పడేసరికి 2013 వచ్చింది. మధ్యలో పదిహేడేళ్లు. కేటాయింపు మించిన మొదటి ఏడాదే ఒక ఎమ్మెల్యే లేచి ‘ఈ అదనపు డబ్బు ఎక్కడిది?’ అని గట్టిగా నిలదీసి ఉంటే అన్ని ఖజానాల్లో కలిపి ఇన్ని వందల కోట్లు పోయేవా?

తెలంగాణలో గోదావరి మీద కట్టిన కాళేశ్వరం ఎత్తిపోతల పథకం సంగతి అందరికీ తెలుసు. కేంద్ర జల సంఘానికి చూపిన అంచనా సుమారు రూ. 81,911 కోట్లు. అది రూ. 1.47 లక్షల కోట్లు దాటవచ్చని కాగ్ తేల్చింది. పెట్టే ప్రతి రూపాయికీ తిరిగి వచ్చే ప్రయోజనం 52 పైసలేనని కూడా చెప్పింది. ఈ నివేదిక తెలంగాణ శాసనసభకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఆ పథకంలోని మేడిగడ్డ బరాజ్ కుంగింది 2023 అక్టోబరులో. 2016లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ప్రతి బడ్జెట్‌లోనూ నీటిపారుదల పద్దు ఆ సభ ముందుకు వచ్చింది, మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. కమిషన్ వేశారు, దర్యాప్తు అన్నారు, జరగనివ్వండి. నాయకులు, ఇంజినీర్లు, గుత్తేదారులు జవాబు చెప్పాల్సిందే. కానీ ఏడేళ్ల పాటు ఆ పద్దుకు చేయెత్తిన సభ్యుల్లో ఎంతమంది అంచనా ఎందుకు పెరిగిందని అడిగారు? ఆ జాబితా నాకు కావాలి.

విప్ ఉంటుంది కదా, పార్టీ మాట దాటితే పదవి పోతుంది కదా అంటారు. విప్ ఓటును కట్టేస్తుంది, ఒప్పుకుంటాను. నోటిని కట్టేయదు. పద్దులో ఇంత తగ్గించాలని కోత తీర్మానం ఇవ్వడానికి, వివరణ కోరడానికి, లిఖితపూర్వక జవాబు అడగడానికి ఏ విప్పూ అడ్డు రాదు. లంచం తీసుకుని సభలో ఓటు వేసినా ప్రశ్న అడిగినా సభా హక్కులు కాపాడవని 2024 మార్చి 4న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అలాంటి వారికి రక్షణ ఇచ్చిన 1998 నాటి తీర్పును పక్కన పెట్టింది. డబ్బు తీసుకుని మాట్లాడేవారికి చట్టం ఉంది. ప్రజల డబ్బు పోతుంటే మాట్లాడకుండా కూర్చునేవారిని మాత్రం ఓటరే అడగాలి.

ప్రజాపద్దుల కమిటీ దగ్గరికి వస్తే మనసు మరింత బరువెక్కుతుంది. లోక్‌సభలో 1967 నుంచి దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇస్తున్నారు. ఖర్చు పెట్టేవారే లెక్క చూసుకోకూడదన్నది అందులోని ఆలోచన. 2024లో తెలంగాణలో ప్రతిపక్షమైన బీఆర్ఎస్ టికెట్‌పై గెలిచిన సభ్యుణ్ణి చైర్మన్ చేశారు, కానీ ఆయన ఏ పక్షం వారన్నదే పెద్ద వివాదమైంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవి అధికార కూటమిలోని జనసేన సభ్యునికి దక్కింది. 175 మంది సభలో 11 మందితో మిగిలిన వైఎస్సార్‌సీపీ ఆ ఎన్నికను బహిష్కరించింది. సభకూ దూరంగా ఉంటోంది. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్న ఫిర్యాదు వాళ్లకు ఉండవచ్చు. కానీ వాళ్లకు ఓటేసిన వాళ్లు కూడా పన్ను కడుతున్నారు, వాళ్ల తరఫున లెక్క అడగడానికి హోదా అక్కర్లేదు. బల్ల మీద పెట్టిన కాగ్ నివేదిక చదివి లేచి నిలబడితే చాలు.

ఆ నివేదికలు కూడా తరచుగా సమావేశాలు ముగిసే వేళకు బల్ల మీదికి వస్తాయి. 151వ అధికరణం సభ ముందు ఉంచాలన్నదే గానీ ఎన్ని రోజుల్లోగా అని చెప్పలేదు. ఆ ఖాళీని ప్రభుత్వాలు, పార్టీ ఏదైనా, బాగా వాడుకుంటున్నాయి. నివేదిక అందిన తర్వాత జరిగే మొదటి సమావేశాల మొదటి వారంలోనే అది సభకు రావాలని, దాని మీద ఒక పూర్తి రోజు చర్చ జరగాలని సభా నియమాల్లో రాసుకోవడానికి ఏ రాజ్యాంగ సవరణా అవసరం లేదు. కేరళలో బడ్జెట్ పద్దులు ముందుగా విషయ కమిటీలకు వెళ్లి, అక్కడ పరిశీలన జరిగాకే సభలో ఓటుకు వస్తాయి. మన దగ్గర ఒకే రోజున పలు శాఖల పద్దులు ఒకదాని వెనక ఒకటి గడిచిపోతుంటే చూస్తున్నాం. ప్రజాపద్దుల కమిటీ సమావేశాలను కూడా అసెంబ్లీ లాగే ప్రత్యక్ష ప్రసారం చేయాలి. కార్యదర్శి స్థాయి అధికారి సభ్యుల ముందు కూర్చుని జవాబు చెప్పడాన్ని జనం చూడాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. సభలో ఎవరు ఎవరిని ఏమన్నారన్నది మొదటి పేజీలో వేస్తున్నారు. ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదం పొందిన మర్నాడు, జిల్లా సంచికలోనైనా సరే, ఆ జిల్లా ఎమ్మెల్యేల్లో ఎవరు ఏ పద్దు మీద మాట్లాడారు, ఎంతసేపు, ఏం అడిగారు అన్నది ఒక పట్టికగా వేయండి. మాట్లాడని వారి పేరు ఎదురుగా గీత పెట్టండి.

మా ఎమ్మెల్యే గారు మా వీధికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తారు. సిమెంటు రోడ్డు, కాలువ, వీధి దీపం అని అందరం అడుగుతాం, నేనూ అడిగాను. ఈసారి వచ్చినప్పుడు వేరేది అడుగుతాను: ‘అయ్యా, మొన్నటి బడ్జెట్‌లో మీరు చేయెత్తిన పద్దుల్లో ఎన్ని చదివారు? ఏ ఒక్కదాని మీదైనా సందేహం వచ్చిందా?’

ఇట్లు,
ఒక విశ్రాంత ఖజానా ఉద్యోగి
కృష్ణా జిల్లా