మా నాన్నగారికి మళ్ళీ పొలమారింది

ప్రియమైన భాస్కర్‌కి,

నీ రెండు ఉత్తరాలకూ ఇన్నాళ్ళు జవాబు రాయలేదు, మన్నించు. ఇక్కడ అందరూ క్షేమం. పాప పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, పెరటి గోడ పని ఇంకా అలాగే ఉంది. మిగిలినవి తరువాత రాస్తాను, ముందు ఇది విను. మొన్న ఆదివారం మంచినీళ్ళు తాగుతూండగా మా నాన్నగారికి పొలమారింది. వీధి అరుగు మీదికి వినిపించేటంత గట్టిగా దగ్గారు. అమ్మ ఆయన నడినెత్తిన తడుతూ "భాస్కర్ తలుచుకుంటున్నాడు" అని, ఆ వెంటనే కొంగు కళ్ళకు అద్దుకుంది. ఆ మాట ఈ ఇంట్లో విని ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు.

2016లో నాలుక మొదట్లో వచ్చిన క్యాన్సర్‌కు ఆయనకు 35 సిట్టింగుల రేడియేషన్ ఇచ్చారు కదా. జబ్బు పోయింది. ఆ తరువాత కొంతకాలం ప్రతి ముద్దకూ పొలమారేది, క్రమంగా అది ఆగిపోయింది. నయమైందనుకుని మేము ఎంత సంతోషించామో! నిరుడు ఆరు నెలల్లో రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మొదటిసారి చూపించిన చోట వయసు వల్లనే అని పంపేశారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు... సరే, ఆ సంగతి వద్దు.

రెండోసారి విశాఖపట్నంలో చూసిన డాక్టరు స్పీచ్ థెరపిస్టు దగ్గరకు పంపారు. మాట స్పష్టంగానే ఉండగా ఆమె దగ్గరకు ఎందుకా అనుకున్నాను. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే మందు కలిపిన నీళ్ళూ జావా మింగిస్తూ, గొంతులో అవి దిగే తీరును ఎక్స్‌రే తెర మీద మాకు చూపించారు. సన్నని నల్లటి గీత ఒకటి అన్నవాహికలోకి కాక శ్వాసనాళంలోకి జారిపోయింది. నాన్నగారు దగ్గలేదు. "ఏమైనా తెలిసిందా తాతగారూ?" అని ఆమె అడిగితే "బాగానే దిగిందమ్మా" అన్నారు. భాస్కర్, అప్పుడు నా కాళ్ళు చల్లబడ్డాయి. పొలమారడం ఆగింది నయమైనందువల్ల కాదు. రేడియేషన్ తగిలిన కండరాలు ఏళ్ళు గడిచేకొద్దీ బిగుసుకుపోయి, గొంతులో స్పర్శ కూడా మొద్దుబారింది. తిన్నదీ తాగిందీ, నోటిలోని క్రిములతో సహా, చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి చేరుతూ వచ్చింది.

అప్పుడు ఆమె అరచేతిలో పట్టే ఒక గొట్టం ఇచ్చారు. ఆపరేషన్ల తరువాత ఇచ్చే మూడు బంతుల సాధనం లాంటిదే అనుకున్నాను, కాని అందులో గాలి లోపలికి పీల్చాలి, ఇందులో బయటికి ఊదాలి. లోపల స్ప్రింగు బిగించిన కవాటం ఉంటుంది. నిర్ణయించిన ఒత్తిడి వస్తేనే అది తెరుచుకుంటుంది. ముందు ఆయన ఊదగలిగిన గరిష్ఠ ఒత్తిడిని కొలిస్తే 62 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి వచ్చింది. అందులో సుమారు 75 శాతం దగ్గర స్ప్రింగు బిగించారు. ఒక్కో విడతకు ఐదు ఊదుళ్ళు, రోజుకు ఐదు విడతలు, వారానికి ఐదు రోజులు, మొత్తం ఐదు వారాలు. ఊదేటప్పుడు ఆయన గడ్డం కింద నా వేళ్ళు పెట్టించారు. అక్కడి కండరాలు తాడులా బిగిశాయి. మింగేటప్పుడు స్వరపేటికను పైకీ ముందుకీ లాగేవి ఆ కండరాలేనట. అంటే ఆ ఊదుడు దగ్గుకూ మింగుడుకూ కూడా సాధన అన్నమాట.

మొదటి వారం ఆయన విసిగిపోయి గొట్టాన్ని మంచం కిందికి విసిరేశారు. బుగ్గలు ఉబ్బి గాలంతా అక్కడే ఆగిపోయేది. అమ్మ రెండు చేతులతో ఆయన బుగ్గలు అదిమి పట్టుకుని కూర్చునేది. మూడో వారానికి కవాటం తెరుచుకున్న చప్పుడు వింటే చాలు, పాప లెక్క రాసుకునేది. ఐదు వారాల తరువాత కొలిస్తే 91! బేరియం పరీక్ష కూడా మళ్ళీ చేశారు. పలచని నీళ్ళు ఇప్పటికీ కొంచెం పక్కదారి పడుతున్నాయి, కాని వాటిని దగ్గి బయటికి తోసేయగలుగుతున్నారు. రాత్రి పడుకునే ముందు పళ్ళు తోమడం, నాలుక వ్యాయామాలు మానకూడదని ఆమె గట్టిగా చెప్పారు.

మీ బాబాయిగారికీ గొంతుకు రేడియేషన్ అయింది కనుక నీకు ఇంత వివరంగా రాస్తున్నాను. ఆయనకు పొలమారకపోయినా ఒకసారి మింగుడు పరీక్ష చేయించు. అయితే గొట్టం మాత్రం మీ అంతట మీరు కొనకండి. ఆయనకు బీపీ ఎక్కువ, హెర్నియా కూడా ఉందని రాశావు. గట్టిగా ఊదడం అలాంటివారికి ప్రమాదం, డాక్టరు సరేనంటేనే...

నాన్నగారు పిలుస్తున్నారు, సాయంత్రం విడత మొదలుపెట్టాలి. బుగ్గలు పట్టుకోవడానికి అమ్మ గుడి నుంచి ఇంకా రాలేదు.

నీ
రాజు