ఎఫ్‌ఎం పెడితే పాటల కంటే ప్రకటనలే ఎక్కువ

అయ్యా, విజయనగరం నుంచి విశాఖకు రోజూ బస్సులో వెళ్లొచ్చే నాలాంటివాళ్లకు ఒకప్పుడు ఎఫ్‌ఎమ్మే కాలక్షేపం. ఇప్పుడు పెడితే ఫ్లాట్ల ప్రకటన, కోచింగ్ సెంటర్ ప్రకటన, మధ్యలో ఒక పాట, అదీ రెండో చరణం రాకుండానే కట్. ఆనందపురం దగ్గర బళ్లు ఆగిపోయినా ఒక్క ముక్క చెప్పరు, తగరపువలస ఎక్కడుందో వాళ్లకు తెలుసో లేదో! 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరండీ మన విజయనగరం, ఘంటసాల చదువుకున్నది ఇక్కడే, అలాంటిది మన వయొలిన్, జానపద కళలైన జముకుల కథ, తప్పెటగుళ్లు వినాలంటే స్టేషన్లన్నీ తిప్పినా దొరకవు. యాప్‌లో వినమంటారు, సరే, డేటా ఎవరు వేయిస్తారు? చివరికి పక్క సీటాయన ఫోన్‌లో మోగే రీల్సే మాకు గతి. సాయంత్రం అందరూ ఇళ్లకు తిరిగొచ్చే వేళ ప్రకటనలు కాస్త తగ్గించి మన జిల్లా కళాకారులకు ఒక అరగంట ఇవ్వలేరా?

– ఒక రోజువారీ ప్రయాణికుడు, విజయనగరం