నాలుగేళ్లకు ఒక్క ఏడాది

చిన్నా,

45కే ఉద్యోగం మానేయాలని లెక్కలు వేసి నువ్వు పంపిన షీట్ చూశాను. ముందు ఫోన్‌లో చూసి, తర్వాత కాగితం మీదకు ఎక్కించుకున్నాను. ఉద్యోగమంతా అకౌంట్స్ సెక్షన్‌లోనే గడిచింది కదా, పెన్సిల్‌తో కూడుకుంటే గానీ నాకు నమ్మకం కుదరదు. కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా ఒక్కచోట వచ్చింది, అది పెద్దదే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరేలే అమ్మా" అంటావు, మాట అక్కడితో తెగిపోతుంది.

పాపకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా కోడలు పని గంటలు తగ్గించుకుంటానంటోంది. అలా చేస్తే 45కి మానేద్దామనుకున్న ఉద్యోగం 48 దాకా చేయాల్సి వస్తుందని నీ లెక్క. మూడేళ్లు వెనక్కి పోవడం నీకు మింగుడుపడటం లేదు. నీ తేదీ కోసం తన నాలుగేళ్లు ఎందుకు వదులుకోవాలన్నది తన బాధ. మీ మధ్య మాటలు తగ్గాయని నాకెవరూ చెప్పలేదు. పాపే వీడియో కాల్‌లో "అమ్మా నాన్నా మ్యూట్‌లో ఉన్నారు" అంది.

లెక్కతోనే మొదలుపెడదాం, నీకు అదే ఇష్టం కాబట్టి. ఇంటి ఖర్చు ఏడాదికి 100 అనుకో. ఆ లెక్కన మీ ఇద్దరి చేతికి వచ్చేది 180. మిగిలేది 80. ఇప్పటిదాకా కూడబెట్టింది ఏడాది ఖర్చుకు 8 రెట్లు, అంటే 800. ఉద్యోగం మానాలంటే చేరాల్సింది 25 రెట్లు, 2500. ధరల పెరుగుదల పోగా డబ్బు ఏటా 5 శాతం పెరుగుతుందని వేసుకున్నావు. వీటితో 11 ఏళ్లు పడుతుంది. నీకు 34 కాబట్టి 45 సరిపోయింది. కోడలు గంటలు తగ్గించుకుంటే 180 కాస్తా 147 అవుతుంది, మిగులు 47కి పడిపోతుంది. ఇక్కడే చూడు. ఈ 47ని నువ్వు చివరి గడి దాకా లాగేశావు. అందుకే 14 ఏళ్లు వచ్చింది.

తను అడిగింది నాలుగేళ్లే కదరా! మొదటి నాలుగేళ్లు 47 చొప్పున వేసి, ఆ తర్వాత మళ్లీ 80 పెట్టి చూడు. నాలుగేళ్ల చివర మీ దగ్గర సుమారు 1175 ఉంటుంది. అక్కణ్ణుంచి 2500కి ఇంకో ఎనిమిదేళ్లు. మొత్తం 12. తన నాలుగేళ్ల సాయంత్రాలకు నువ్వు చెల్లించేది మూడేళ్లు కాదు, ఒక్క ఏడాది.

ఇంత తక్కువ ఎందుకయిందంటే, మీ 800 ఊరికే కూర్చోలేదు. 72ని వడ్డీ శాతంతో భాగిస్తే సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుస్తుందని నీకు స్కూల్లో ఉన్నప్పుడే చెప్పాను. 72ని 5తో భాగిస్తే 14 దాటి కొంచెం. అంటే మీరు ఇకమీద చిల్లిగవ్వ కలపకపోయినా, నీకు 48, 49 వచ్చేసరికి ఆ 800 కాస్తా 1600 అయి ఉంటుంది. పెళ్లయిన కొత్తలో పాత బండి నడుపుతూ, రెండు గదుల ఇంట్లో సర్దుకుంటూ మీరు దాచిన డబ్బు అది. అప్పుడు పడ్డ కష్టమే ఇప్పుడు మీకు నాలుగేళ్లు తీరిక ఇస్తానంటోంది. తీసుకోవడానికి నీకెందుకు అభ్యంతరమో నాకు అర్థం కాలేదు.

లెక్కలో ఉన్నంత నున్నగా ఏదీ జరగదనుకో. మార్కెట్ ఏటా బుద్ధిగా 5 శాతం ఇవ్వదు. ఒక ఏడాది ఇరవై పెరుగుతుంది, ఇంకో ఏడాది పదిహేను పడుతుంది. నా అసలు భయం అది కాదు. నాలుగేళ్ల తర్వాత కోడలికి మునుపటి స్థాయి దొరుకుతుందా అన్నది. పిల్లల కోసం మధ్యలో ఆగినవాళ్లు తిరిగి వచ్చేసరికి పక్క సీటువాళ్లు రెండు మెట్లు పైన ఉంటారు, మా ఆఫీసులోనూ చూశాను. అందుకే తను పూర్తిగా మానకూడదు, గంటలే తగ్గించుకోవాలి. ఆ ఒప్పందం కాగితం మీద ఉండాలి, మేనేజర్ నోటిమాటగా కాదు. ఒకవేళ తిరిగి వచ్చాక జీతం కొంత తగ్గి మీకు 80 బదులు 65 మాత్రమే మిగిలినా, మొత్తం 13 ఏళ్లలోపే అయిపోతుంది. అదీ వేసి చూశాను.

ఇంకో మాట. ఆ నాలుగేళ్లూ తనే ఎందుకు తగ్గించుకోవాలి? రెండేళ్లు తను, రెండేళ్లు నువ్వు పంచుకోకూడదా? తల్లినై ఉండి ఇలా అంటున్నానేమిటనుకోకు. నీ షీట్‌లో ఆ గడే లేదు, అందుకని అడుగుతున్నాను.

సరే, ఇప్పుడు ఆ 25 సంగతి. నువ్వు దాన్ని రాతిమీద గీతలా పట్టుకున్నావు. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు ఒక లెక్క వేశాడు. 1926 నుంచి ఆ దేశపు షేర్లు, బాండ్ల చరిత్ర ముందేసుకుని, ఏ సంవత్సరంలో రిటైరైనవాళ్లు ఎంత తీసుకుంటే డబ్బు ఎన్నాళ్లు ఆగిందో చూశాడు. మొదటి ఏడాది 4 శాతం తీసి, ఆపై ఏటా ధరలు పెరిగినంత మేర పెంచుకుంటూ పోయినా, కనీసం 30 ఏళ్లు సొమ్ము నిలిచిందన్నాడు. 100ని ఆ 4తో భాగిస్తే వచ్చేదే నీ 25. అది ఒక్క దేశం అనుభవం, అదీ 30 ఏళ్లకు. నువ్వు 45కి ఆగితే 75కి నీ వయసేమీ అయిపోదు కదా. పైగా ఆగిన తొలి ఏళ్లలోనే మార్కెట్ పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది, ఎందుకంటే పడిన ధరకు అమ్ముకుని తినాలి. అక్కడ 1960ల చివర్లో రిటైరైనవాళ్లకు అదే జరిగింది. షేర్లు ఎదగలేదు, 1970ల్లో ధరలు ఆకాశానికెక్కాయి. నన్నడిగితే నీ వయసుకి 25 పల్చన, 30 పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే కోడలు ఒక్క గంట తగ్గించుకోకపోయినా నీ తేదీ రెండేళ్ల పైచిలుకు జరిగి 47 దాటుతుంది. అంటే నువ్వు కాపాడుకోవాలని చూస్తున్న 45 మొదటినుంచీ అంత గట్టి అంకె కాదు. అలాంటి అంకె కోసం ఇంట్లో మౌనవ్రతాలు!

ఖర్చుల దగ్గరకు వస్తే నీమీద కొంచెం కోపం కూడా ఉంది. పోయినసారి వచ్చినప్పుడు పాపను షాపుకి తీసుకెళ్లాను. రంగులేసుకునే పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకుంది. తీసుకుని నా వైపు చూడలేదు, నీ వైపు చూసింది. నువ్వు అటు తిరిగి ఫోన్‌లో యాప్ తెరిచి అంతకుముందు కొన్నది ఎక్కిస్తున్నావు. అది పుస్తకాన్ని మెల్లగా మళ్లీ షెల్ఫ్‌లో పెట్టేసి, నా చెవిలో "ఇది బడ్జెట్‌లో ఉందా నానమ్మా?" అంది. డబ్బుకి హద్దుంటుందని పిల్లలకు తెలియడం మంచిదే, నేనూ నిన్ను అలాగే పెంచాను. కానీ నువ్వు అడిగేవాడివి, గొడవపడేవాడివి, కాదంటే అలిగేవాడివి. ఇది అడగకుండానే పెట్టేసింది.

నీ షీట్‌లోనే చూడు. ఇల్లు, బండి, పాప స్కూలు కలిపితే 100లో 61. పాప బొమ్మలు, కోడలి బట్టలు, బయట తినడం, సినిమాలు అన్నీ కలిపి 9. మీ గొడవలన్నీ ఆ 9 దగ్గరే! ఆ 9లో ఎంత పిండినా ఒకటో రెండో రాలుతుంది, అదీ రోజూ ఒక మాట అనుకుని. 61లో మాత్రం ఒక్కసారి కూర్చుని నిర్ణయం తీసుకుంటే చాలు. మీ ఇంట్లో ఒక గదిలో ఇస్త్రీ బల్ల, పాత అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. అద్దె ఒప్పందం ముగిసినప్పుడు ఒక గది తక్కువున్న ఇల్లు చూసుకోండి, ఆఫీసుకి దగ్గరైతే ఇంకా మేలు. బండి మార్చడం రెండేళ్లు వాయిదా వేయండి. ఈ రెంటితో ఖర్చు 95కి దిగిందనుకో. ఏటా 5 ఎక్కువ మిగులుతుంది, చేరాల్సిన మొత్తం కూడా 2500 నుంచి 2375కి దిగుతుంది. తగ్గించిన ఖర్చు ఇలా రెండు వైపులా పనిచేస్తుంది, జీతం పెరిగితే ఆ లాభం ఉండదు. ఇప్పుడు కోడలి నాలుగేళ్లూ కలిపి మళ్లీ లెక్క వేసి చూడు. 11 ఏళ్లే వస్తుంది. నీ 45 నీకు దక్కింది, తన సాయంత్రాలు తనకు దక్కాయి. మాట్లాడుకోకపోవడం వల్ల ఎవరికేమొచ్చింది చెప్పు?

ఆ 9ని మాత్రం వదిలెయ్. అందులో నీకింత, తనకింత అని నెల మొదట్లోనే తీసి పెట్టుకోండి. దాన్ని ఎలా ఖర్చు చేశారో ఒకరినొకరు అడగొద్దు, యాప్‌లో ఎక్కించొద్దు. మీ నాన్నా నేనూ ఇలాగే చేశాం. ఆయన ఎన్ని రేడియోలు కొని విప్పి పాడుచేశారో నేను అడగలేదు, నా చీరల లెక్క ఆయన అడగలేదు. రోజూ రాత్రి నీ పెట్టుబడుల విలువ చూసుకోవడం కూడా మానెయ్. మూడు నెలలకోసారి చూస్తే చాలు, నువ్వు చూసినా చూడకపోయినా అది అంతే పెరుగుతుంది. ఆదివారాలు ఒప్పుకున్న ఆ పై పని ఎంత తెస్తోందో నీకే తెలుసు. షీట్‌లో అది 80లో 4 కూడా లేదు.

ఉద్యోగం మానేశాక ఏం చేస్తావో నీ షీట్‌లో ఎక్కడా లేదు. మీ నాన్న రిటైరైన కొత్తలో ఎనిమిదింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో కూర్చునేవారు. పేపరు అయిపోయాక వంటింట్లోకి వచ్చి "ఇంకేమైనా ఉందా?" అనేవారు. ఏముంటుంది? పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాకే మనిషి మనిషయ్యారు. ఆయనకు చెప్పుకోవడానికి లెక్కలున్నాయి. నీకు ఏముందో ఇప్పటినుంచే వెతుక్కో, కుదిరితే వారానికి ఒక సాయంత్రం దానికి ఇవ్వు. "పాపతో గడుపుతా" అని మాత్రం అనకు. నీకు 45 వచ్చేసరికి దానికి 15. ఆ వయసులో నువ్వు గది తలుపేసుకుని ఎవరినీ రానిచ్చేవాడివి కాదు, నేను మర్చిపోలేదు. పాపకు నాన్న కావాల్సింది ఇప్పుడు.

రెండు చిన్న విషయాలు. ఆరోగ్య బీమా ఆఫీసు ఇచ్చిందొక్కటే ఉన్నట్టుంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది, విడిగా ఒకటి తీసుకో, ఒంట్లో బాగున్నప్పుడే. టర్మ్ బీమా, అదే మనిషి పోతే ఇంటివాళ్లకు సొమ్ము వచ్చేది, నీ పేరునే ఉంది. కోడలూ సంపాదిస్తోంది కాబట్టి తన పేరునా ఉండాలి. ఆర్నెల్ల ఖర్చు బ్యాంకులో పక్కన పెట్టుకున్నారు, అది బాగుంది, దాన్ని ముట్టుకోకండి. ఇక మా ఇద్దరి వైద్యానికని ఒక వరుస పెట్టావు. దాన్ని కొట్టెయ్. మా ఏర్పాటు మాకుంది.

నా కాగితం ఫోటో తీసి పంపిస్తున్నాను. కోడలికి నువ్వు వివరించకు, తనకే ఇచ్చి వేసుకోమను. అంకెలు తను వేసుకుంటే ఆ తేదీ తనది కూడా అవుతుంది. ఇద్దరూ ఒప్పుకున్నాకే ఆఫీసులో మాట్లాడమను.

వచ్చే నెల మేమిద్దరం వస్తున్నాం. ఒక వారం పాపను మేం చూసుకుంటాం, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లి రండి. సెలవు దొరకదని ఇప్పుడే చెప్పకు, ఇంకా అడగను కూడా లేదు నువ్వు. టికెట్లు నాన్న తీసేశారు, వివరాలు ఆయన మెసేజ్ పెడతారు.

అమ్మ