కార్డు కొన్న రోజే నింపి చూడు

పెరంబూర్,
చెన్నై.

చిరంజీవి లలితకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది,

512 జీబీ మెమరీ కార్డు ఆరువందల రూపాయలకే దొరుకుతోందని నిన్న ఫోనులో నువ్వు సంబరంగా చెప్పినప్పుడు, మీ అమ్మ పక్కనుంచి అరిసెల పాకం సంగతి అడుగుతూ ఉండడంతో నేను సరిగ్గా బదులు చెప్పలేకపోయాను. సంక్రాంతికి వచ్చినప్పుడు పులికాట్‌లో ఫ్లెమింగోల ఫోటోలు తీయాలని ముచ్చటపడుతున్నావు గనుక, ఆ కార్డు కొనకముందే ఈ ఉత్తరం నీకు అందాలని వ్రాస్తున్నాను.

మీ పెదనాన్న షష్టిపూర్తికి నేను కూడా ఇలాగే చవకగా వచ్చిందని ఒక కొట్టులో బిల్లు లేకుండా 64 జీబీ కార్డు కొన్నాను. ఆ రోజంతా కెమెరా ఒక్క మాట కూడా అనలేదు. తీసిన ప్రతి ఫోటోనూ లెక్కలో చూపిస్తూనే ఉంది. రాత్రి కంప్యూటర్‌లో తెరిస్తే దండలు మార్చుకునే వరకు అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత మీ నానమ్మ అక్షింతలు వేస్తున్న ఫోటోలో ఆమె ముఖమూ, ఎత్తిన చేయీ కనిపించాయి గానీ, మోచేతి కింద నుంచి అంతా బూడిదరంగు పట్టీయే. దాని తర్వాతి ఫైళ్లకు పేర్లు మాత్రమే మిగిలాయి. లోపల నిజంగా ఉన్నది 8 జీబీయేనట. కార్డులో ఉండే కంట్రోలర్ చిప్పుకు ఎంతని నేర్పితే అంతని కెమెరాకు చెబుతుంది. అసలు జాగా నిండాక రాసినది గాలిలో కలిసిపోతుంది, లేదా ముందు రాసినదాని మీదనే పడుతుంది.

అందుకే కార్డు ఎక్కడ కొన్నా, అందులో ఒక్క ఫోటో అయినా తీయకముందే కొసదాకా నింపి, తిరిగి చదివించి చూడాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పనే చేస్తాయి. 128 జీబీ కార్డుకు రెండు గంటలు పట్టినా విసుక్కోకు. విండోస్‌లో అది 119 జీబీగా కనిపిస్తే మోసమని కంగారుపడవద్దు. తయారీదారులు వేయితోనూ, విండోస్ 1024తోనూ లెక్కించడం వల్ల వచ్చే తేడా అది.

ఇక వేగం సంగతి. కార్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె సాధారణంగా చదివే వేగం. నీకు కావలసింది రాసే వేగం, అదీ ఏ క్షణంలోనూ తగ్గని కనీస వేగం. దాన్ని చెప్పేది చిన్నగా ఉండే వీ30 గుర్తు: సెకనుకు 30 మెగాబైట్లకు తగ్గదని అర్థం. సెకనుకు 100 మెగాబిట్లతో తీసే 4కె వీడియోకు కావలసింది పన్నెండున్నర మెగాబైట్లే (ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు) కాబట్టి, వీ60, వీ90ల కోసం నువ్వు డబ్బు పోయనక్కరలేదు. పక్షులు ఒక్కసారిగా లేచినప్పుడు వరసగా నొక్కుతావు గదా, అప్పుడు ఫోటోలను కాసేపు దాచుకునే కెమెరా లోపలి బఫర్ నిండిపోయి, అదంతా కార్డు మీదికి దిగేదాకా షట్టర్ మొరాయిస్తుంది. రాసే వేగం విలువ అక్కడ తెలుస్తుంది. నీది సెకండ్‌హ్యాండ్ కెమెరా కనుక 32 జీబీకి మించిన ఎస్‌డీఎక్స్‌సీ రకం కార్డులు తీసుకుంటుందో లేదో ముందు మాన్యువల్‌లో చూడు. అంతకు ముందు తరం ఎస్‌డీహెచ్‌సీ వరకే అయితే 32 జీబీ దాటి కొనడం వృథా.

ఫోనుకు వేరే కార్డు పెట్టుకో, దాని మీద యాప్‌లు నడిపేందుకు తగినదని చెప్పే ఏ1 గుర్తు ఉంటే చాలు. ఫోను ఆ కార్డును ఇంటర్నల్ స్టోరేజీగా మార్చమంటావా అని అడిగితే మాత్రం వద్దను. ఒప్పుకుంటే అది ఆ ఫోనుకే తాళం పడిపోతుంది. ఫోను చెడిపోయిన రోజున కార్డు బాగానే ఉన్నా ఇంకెక్కడా చదవలేవు.

512 జీబీ ఒక్కటి కాకుండా, 128 జీబీవి రెండు తీసుకోవడమే నాకు ఇష్టం. ఒకటి పాడైనా సగం పర్యటన మిగులుతుంది. వాటిని కంప్యూటర్‌లో కాక కెమెరాలోనే ఫార్మాట్ చెయ్యి. ఎప్పుడైనా ఎర్రర్ చూపిస్తే వెంటనే ఫోటోలు తీయడం ఆపి కార్డు బయటకు తీసేయ్, ఎందుకంటే పైన కొత్తవి పడనంత వరకు పాతవాటిని రాబట్టుకునే అవకాశం ఉంటుంది.

ఆరువందల కార్డు ఊసు వదిలేసి, నీ కెమెరా మోడల్ నంబరు నాకు పంపు. శనివారం ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్లి బిల్లుతో తెచ్చి, నువ్వు వచ్చేలోగా రెండింటినీ నేనే నింపి చూసి పెడతాను.

ఇట్లు,
నాన్న