ఇంటరప్ట్ పాఠాన్ని ల్యాబ్‌లో చూపించండి

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్నాను. డిగ్రీ, పాలిటెక్నిక్ అయిపోయిన పిల్లలు పని నేర్చుకోవడానికి వస్తుంటారు. ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తన సంగతి చూడమని ప్రాసెసర్‌కు అందే పిలుపు) అంటే ఏమిటని అడిగితే నిర్వచనం గడగడా అప్పజెబుతారు. పాఠాల్లో చెప్పే పాత ప్రాసెసర్ 8085లో ట్రాప్ నుంచి ఐఎన్‌టీఆర్ దాకా ఐదు ఇంటరప్ట్‌లనూ వరుస తప్పకుండా చెబుతారు. అదే ఎదురుగా ఉన్న ల్యాప్‌టాప్‌లో కీ నొక్కితే లోపల ఏం జరుగుతుందంటే నోరు మెదపరు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకెవరూ చూపించలేదు.

ఒకరోజు పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, ఏ ఇంటరప్ట్ ఎన్నిసార్లు వచ్చిందో వరుసల్లో చూపే ప్రాక్ ఫోల్డర్‌లోని ఇంటరప్ట్స్ ఫైలును రెండేసి సెకన్లకు మారేలా తెర మీద పెట్టాం. ఒక అక్షరం నొక్కి వదిలితే కీబోర్డు వరుసలో అంకె రెండు పెరిగింది. నొక్కినందుకు ఒకటి, వదిలినందుకు ఒకటి. "అన్నా, మనం ఏం ముట్టకున్నా ఈ టైమర్ అంకెలు ఉరుకుతున్నయేంది?" అని ఒక పిల్లవాడు అడిగాడు. అసలు పాఠం అక్కడే మొదలైంది.

ఎవరూ ఏం ముట్టకున్నా గడియారంలా దానంతటదే వచ్చే టైమర్ ఇంటరప్ట్ రాగానే ప్రాసెసర్ చేతిలో ఉన్న ఇన్‌స్ట్రక్షన్ ముగించి, ఎక్కడ ఆగిందో దాచుకుని, ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లోకి దూకుతుంది. తర్వాత ఏ ప్రోగ్రాం వంతో సిస్టమ్ అప్పుడు తేలుస్తుంది. ఈ టైమర్ లేకపోతే అంతులేని లూపులో పడ్డ ఒక్క ప్రోగ్రాం ప్రాసెసర్‌ను వదలకుండా పట్టుకుని కూర్చుంటుంది. ఇంటరప్ట్ రాగానే నడిచే కోడ్, అంటే హ్యాండ్లర్ కూడా అత్యవసరమైన పని చేసి, మిగతాది తర్వాతకు వాయిదా వేసి త్వరగా తప్పుకోవాలి. ఇంటరప్ట్‌లను ఎక్కువసేపు ఆపి ఉంచితే వచ్చే డేటా పోయే ప్రమాదం ఉంది. కరెంటు వచ్చిందా అని రైతు పదేపదే బావి దగ్గరికి పోయి చూడటానికీ, కరెంటు రాగానే మొబైల్ స్టార్టరే ఫోన్ చేయడానికీ ఎంత తేడా ఉందో, పోలింగ్‌కూ (ప్రాసెసరే పదేపదే పోయి అడిగి చూడటం) ఇంటరప్ట్‌కూ అంతే తేడా అంటే వాళ్లకు వెంటనే ఎక్కింది.

8085 కిట్లు వద్దని నేను అనడం లేదు, పునాదికి అవి మంచివే. కానీ పాఠం అక్కడే ఆగిపోతే ఎట్లా? దేవరకొండ, అచ్చంపేట వైపు నుంచి తల్లిదండ్రులు అప్పుచేసి పిల్లలను చదివిస్తున్నారు. ఆ పిల్లలు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు కూర్చుంటే బట్టీ పట్టిన నిర్వచనం ఎంతసేపు నిలబడుతుంది?

పాలమూరు విశ్వవిద్యాలయం, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి వారికి నా విన్నపం ఒకటే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డులో ఈ ప్రయోగాన్ని చేర్చండి. లినక్స్ ఉచితం, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, కొత్త సామాను కొనే పని లేదు. ప్రాక్టికల్ పరీక్షలో ఐదు మార్కులు దీనికి కేటాయించి, కీ నొక్కినప్పుడు ఏ వరుస పెరిగింది, ఎందుకు పెరిగింది అని విద్యార్థి చేతనే చెప్పించండి.

— ఒక పాఠకుడు, నల్లగొండ